జ్వరం వచ్చిందని చెప్పిన శనివారం

అమెరికాలో, హెర్న్‌డన్‌లో మేం అద్దెకుండే అపార్ట్‌మెంట్‌కి సరిగ్గా పై అంతస్తులో ఒక ఆస్ట్రేలియా పెద్దావిడ ఉంటుంది. డెబ్బై ఐదు దాటాయి. వయసులో ఉండగా ఒక అమెరికన్‌ని పెళ్ళి చేసుకుని ఈ దేశం వచ్చింది. భర్త పోయాడు, కూతురు ఒరెగాన్‌లో ఉంటోంది. ఆవిడకి ఒక అన్న ఉండేవాడు. అన్న అన్నమాటే గానీ ఇరవై రెండు నిండలేదు, వియత్నాం యుద్ధంలో పోయాడు. ఆస్ట్రేలియా వాళ్ళు కూడా ఆ యుద్ధానికి వెళ్ళారని ఆవిడ చెప్పేదాకా నాకు తెలియదు. అతని గురించి రాయడానికి నీకేం అర్హత ఉందని ఎవరైనా అడిగితే, లేదనే చెప్తాను. కానీ అతని చెల్లెలి పట్ల నేను చేసిన పని చెప్పుకోవాలంటే అతని గురించి చెప్పక తప్పదు.

మా పరిచయం గ్రైండర్‌తో మొదలైంది. ఒక శనివారం పొద్దున దోసెలపిండి రుబ్బుతుంటే తలుపు కొట్టి, "మీ ఇంట్లో రోడ్డు వేస్తున్నట్టున్నారు, ఎప్పటికి పూర్తవుతుంది?" అని అడిగింది. కోప్పడటానికి వచ్చిన మనిషి, పాత పిండితో వేసిన రెండు దోసెలు తిని వెళ్ళింది. నేను ఆంటీ అని పిలిస్తే మొదట్లో నవ్వేది. "నేను నీకు అమ్మ వైపు ఆంటీనా, నాన్న వైపా?" అనేది. మాలో పెద్దవాళ్ళంతా ఆంటీలేనని చెప్పాక ఆ పిలుపుకి అలవాటుపడిపోయింది. మా ఇద్దరి మాటలూ ఇంగ్లీషులోనే నడిచేవి. గుర్తున్నంతవరకు వాటిని తెలుగు చేసి రాస్తున్నాను.

మూడేళ్ళ కిందట ఆవిడ చూపు పాడవటం మొదలైంది. అంతా చీకటి కాదు. చూపులో నడిమి భాగం పోయి అంచులు మిగిలాయి. ఎదురుగా ఎవరైనా నిలబడితే భుజాలు తెలుస్తాయి, కట్టుకున్న బట్ట రంగు తెలుస్తుంది, మొహం ఉండాల్సిన చోట మాత్రం బూడిదరంగు మచ్చ. పుస్తకం పట్టుకుంటే, చదవబోయే మాటే మాయమైపోతుంది. అలాంటి రోజుల్లో ఒక ఆదివారం మధ్యాహ్నం రేకు డబ్బా ఒకటి తెచ్చి నా డైనింగ్ టేబుల్ మీద పెట్టింది. అందులో వాళ్ళన్న రాసిన ఉత్తరాలు పద్నాలుగు.

"నా కళ్ళు పోకముందు కూడా వీటిని నేను తప్ప ఎవరూ చదవలేకపోయేవాళ్ళు. నీవల్ల అవుతుందేమో చూడు" అంది.

అతను పుట్టు ఎడమచేతివాటం. బళ్ళో కొట్టి కొట్టి కుడిచేత్తో రాయించారట. ఆ కుడిచెయ్యి జన్మలో అతని మాట వినలేదు. పెన్సిల్ రాత, దానికితోడు వానల్లో తడిసిన కాగితం. మొదటి ఉత్తరంలో నాలుగు పంక్తులు చదవడానికి నాకు గంట పట్టింది. అయినా చదివాను. మా నాన్నకి మందుల షాపు ఉండేది. బడి నుంచి వచ్చాక నేను కౌంటర్ వెనక కూర్చుని, ఊళ్ళో డాక్టర్లు రాసే కోడిగీతల్ని చదివిపెట్టేదాన్ని. అమెరికా వచ్చాక నాకున్న విద్యల్లో పనికొచ్చింది అదొక్కటే అని మా ఆయన ఇప్పటికీ ఏడిపిస్తాడు.

ఆ చలికాలమంతా ఆదివారం మధ్యాహ్నాలు ఆ కుర్రాడితో గడిచాయి. నేను ఉత్తరంలో ఒక ముక్క చదివితే, దాని వెనకున్న కథ ఆవిడ చెప్పేది. వాళ్ళ నాన్నకి పాల ఆవులుండేవి. తెల్లవారకముందే లేచి పాలు పితకడం ఇద్దరి వంతు. అన్నగారికి మాత్రం వారానికి రెండుసార్లు సరిగ్గా ఆ టైముకే కడుపునొప్పి వచ్చేది. వాళ్ళమ్మ ఆముదం తాగించేది. ఆముదమైనా తాగేవాడు గానీ చలిలో మంచం దిగేవాడు కాదు. చెల్లెలికి పాల లారీ నడపడం నేర్పించాడు. ఆ పిల్ల లారీతో గేటు విరగ్గొడితే, ఆవు పొడిచిందని నాన్నతో కళ్ళార్పకుండా చెప్పాడు. వెన్న తీసే ఫ్యాక్టరీలో పనికి కుదిరి, మొదటి వారమే చెయ్యి కాల్చుకున్నాడు. డబ్బాపాలు చెంచాతో తినేవాడు. ఈలవేసి ఆవుల్ని పిలిస్తే పక్కవాళ్ళ ఆవులు కూడా వచ్చేవట.

సైన్యానికి అతను తనంతట తను వెళ్ళలేదు. ఇరవయ్యేళ్ళు నిండే కుర్రాళ్ళ పుట్టినరోజు తేదీలు గోళీల మీద వేసి, ఒక పీపాలో కలిపి తీసేవాళ్ళట. ఎవరి తేదీ వస్తే వాళ్ళు సైన్యంలో చేరాలి. ఆవిడ ఈ సంగతి చెప్తుంటే నేను ఊరుకోవచ్చుగా. "మాదీ లాటరీయే ఆంటీ, హెచ్1బీ. మూడుసార్లు వేస్తే గానీ నా పేరు రాలేదు" అన్నాను.

"పేరు రాకపోతే ఏం చేస్తారు?" అని అడిగింది.

"ఏముంది, ఇంటికెళ్ళిపోతాం."

"వాడి తేదీ మొదటిసారే వచ్చింది" అని టీ కప్పు కింద పెట్టింది. నాకు తల ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. ఆవిడ నన్ను దెప్పలేదు, మామూలుగానే చెప్పింది. నా నోటికి మాత్రం వీసా తప్ప ఇంకో ప్రపంచం తెలియదని ఆ రోజు అర్థమైంది.

పద్నాలుగో ఉత్తరం దగ్గరికి వచ్చేసరికి మార్చి నెల. అది ఇచ్చేముందు ఆవిడ చాలాసేపు చేత్తో పట్టుకుని కూర్చుంది. అది అతను చనిపోయిన వార్త వచ్చిన తొమ్మిది రోజులకి పోస్టులో వచ్చిందట. వార్త తెచ్చినప్పుడు ఒక ఆఫీసరూ, చర్చి ఫాదరూ కారులో వచ్చారు. ఆవిడ అప్పుడు పాకలో పాలు పితుకుతోంది. వాళ్ళు ఇంట్లోకి వెళ్ళడం చూసి కూడా, పాలు సగమే తీశానని పితకడం ఆపలేదట. అది తలుచుకుని ఇప్పటికీ బాధపడుతుంది.

ఆ ఉత్తరంలో ముఖ్యమైన భాగం ఇదీ:

"నవ్వనంటే ఒకటి చెప్తాను. మొన్న నాకు కడుపునొప్పి వచ్చింది. ఏ కడుపునొప్పో నీకు తెలుసు. అడవిలోకి గస్తీకి వెళ్ళాల్సిన రోజు అది, నాకు కాళ్ళాడలేదు. నా బదులు ఇంకొకతన్ని పంపించారు. అతనికి ఇంటి దగ్గర పాప పుట్టింది, ఇంకా మొహం చూడలేదు. నేను రోజంతా మంచం మీద పడుకుని వాన చప్పుడు విన్నాను. సాయంత్రం అతను తిరిగొచ్చాడు. జలగలు పట్టడం తప్ప ఏమీ కాలేదు. రాగానే నా దగ్గరికొచ్చి కడుపెలా ఉందని అడిగాడు. అడక్కుండా ఉంటే బాగుండేది. రెండు రోజులాగి నిజం చెప్పేశాను. తిడతాడనుకున్నాను, తిట్టలేదు. కంచం తీసుకుని వేరే చోట కూర్చుని తిన్నాడు. ఈసారి నీ వంతు నేను వెళ్తానన్నాను. సరే అన్నాడు. అమ్మకి చెప్పకు. సాక్సులు పంపండి, ఊలువి వద్దు."

అతని వంతుకే ఇతను వెళ్ళాడు. మందుపాతర మీద కాలు పడింది.

"మా ఊరి పార్కులో రాయి మీద వాడి పేరుంది. ప్రతి ఏడూ ఎవరో ఒకరు వాడు దేశం కోసం ప్రాణమిచ్చాడని ఉపన్యాసం చెప్తారు. వాడు దేశం కోసం చావలేదు. అబద్ధం చెప్పినందుకు సిగ్గుపడి చచ్చిపోయాడు. నాకు తెలిసిన వాళ్ళలో అంత మంచి మనిషి లేడు. మా అమ్మ బతికున్నంతకాలం ఈ ఉత్తరం ఎవరికీ చూపించనివ్వలేదు, ఆ తర్వాత నాకు ధైర్యం చాలలేదు. నా కళ్ళు పూర్తిగా పోకముందు ఒక్కసారి నలుగురి ముందూ దీన్ని చదవాలి. నువ్వు చదువుతావా?" అని అడిగింది.

యుద్ధాల్లో పోయిన తమవాళ్ళని ఆస్ట్రేలియా వాళ్ళు ఏప్రిల్ చివర్లో తలుచుకుంటారు. మా చుట్టుపక్కల ఉండే వాళ్ళంతా ఒక చర్చి హాల్లో కలుస్తారు. నలభై మంది ఉంటారు, పొద్దున పదింటికి. అందరికీ వీలుగా ఏటా ఆ నెల చివరి శనివారమే పెట్టుకుంటారు. నేను తప్పకుండా చదువుతానన్నాను. ఆవిడ నా చెయ్యి రెండు చేతులతో పట్టుకుంది.

టైప్ చేసి ప్రింట్ తీసుకుందామని అడిగితే ఒప్పుకోలేదు. వెనకెప్పుడో ఇంకో ఉత్తరాన్ని తను పైకి చదివి చర్చిలో ఎవరిచేతో టైప్ చేయిస్తే, స్పెల్లింగులు దిద్ది, బూతులు తీసేసి, పెద్దమనిషిలా తయారుచేసి ఇచ్చారట. "నా అన్న కాదు అందులో ఉన్నది" అంది. అందుకని ఆవిడకి చెప్పకుండా నా కోసం నేనొక కాపీ రాసుకున్నాను. ఫోన్లో, తెలుగు అక్షరాల్లో. ఇంగ్లీషు మాటలే, కానీ ఎక్కడ ఆపాలో, ఏ మాట ఎలా పలకాలో తెలియడానికి తెలుగు లిపిలో రాసుకున్నాను. ఆఫీసు ప్రెజెంటేషన్లకి కూడా నేను చేసే పని అదే. పదమూడేళ్ళుగా ఇక్కడ ఉద్యోగం చేస్తున్నా, పది మంది తెల్లవాళ్ళ ముందు మైకు పట్టుకోవాలంటే నాకు చెమటలు పడతాయి.

ఏప్రిల్ మొదటి వారంలో నా స్నేహితురాలు ఫోన్ చేసింది. వరంగల్ పిల్ల, నాకంటే ఎనిమిదేళ్ళు చిన్నది, తొలి కాన్పు.

"అక్కా, శ్రీమంతం డేట్ ఫిక్స్ చేసినం. ఈ మంత్ లాస్ట్ సాటర్‌డే, యాష్‌బర్న్‌ల హాల్ బుక్ అయింది, లెవెన్‌కి ముహూర్తం. ఫస్ట్ గాజులు నువ్వే తొడగాలె. మా అత్తమ్మకి కూడ చెప్పిన."

నేను సరేనన్నాను. ఫోన్ పెట్టేశాక క్యాలెండర్ చూసుకున్నాను. పదింటికి చచ్చిపోయినవాళ్ళ సభ, పదకొండింటికి కడుపుతో ఉన్న పిల్లకి గాజులు. నిజం చెప్పాలంటే, నా గుండెల్లో మొదట కలిగింది బాధ కాదు. తప్పించుకునే దారి దొరికిందన్న నిమ్మళం.

మా అమ్మకి ఫోన్ చేశాను. "తద్దినంలాంటి దానికి వెళ్ళి అట్నుంచటే శ్రీమంతానికి ఎలా వెళ్తావే? తొలిచూలు పిల్ల. వెళ్తే గిళ్తే ఇంటికొచ్చి తలస్నానం చేసి మధ్యాహ్నం వెళ్ళు" అంది. అమ్మ చెప్పిన రెండు మాటల్లో నాకు కావాల్సిన మొదటిదే విన్నాను. స్నానం సంగతి చెవిన పడనట్టే ఊరుకున్నాను.

ఆ మాటే మా ఆయనకి చెప్తే వింతగా చూశాడు. "నీకు మైల పట్టింపు ఎప్పట్నించి? మొన్న మీ మేనేజర్ వాళ్ళ నాన్న ఫ్యూనరల్ అటెండ్ అయి, అట్నుంచి అటే బర్త్‌డే పార్టీకి వెళ్ళి కేక్ తిన్నాం. చదవడానికి భయమైతే భయమని చెప్పు. ఆవిడే ఇంకెవరినన్నా చూసుకుంటుంది."

"ఇంకెవరు చదవగలరు దాన్ని?"

"మరి నువ్వే చదువు."

ఆ తర్వాత రెండు రోజులు ఆయనతో సరిగ్గా మాట్లాడలేదు. నిజం చెప్పినవాళ్ళ మీద నాకొచ్చినంత కోపం ఇంకెవరి మీదా రాదు.

ఆవిడకి ముందే చెప్పి ఉండొచ్చు. మూడు వారాల టైముంది. రోజూ మెట్ల మీద కనిపించేది. "ప్రాక్టీస్ ఎలా సాగుతోంది?" అని అడిగేది, "బాగా" అనేదాన్ని. చివరికి ఆ శనివారం పొద్దున ఎనిమిదిన్నరకి, జడ వేసుకుంటూ, ఒక చేత్తో మెసేజ్ పెట్టాను. రాత్రి నుంచి జ్వరం, గొంతు పట్టేసింది, క్షమించండి అని. ఆవిడ ఫోన్ మెసేజ్‌ల్ని పైకి చదివి వినిపిస్తుంది. నా అబద్ధాన్ని ఆ మిషన్ గొంతు ఆవిడకి చదివి వినిపించి ఉంటుంది. ఆ ఉత్తరంలో కడుపునొప్పి నాకు అప్పుడు గుర్తే రాలేదు. ఒట్టు. గుర్తొచ్చి ఉంటే ఆగేదాన్నా అంటే, అదీ చెప్పలేను.

పావుగంటలో సభ నడిపే పెద్దాయన దగ్గర్నుంచి మెసేజ్ వచ్చింది. మీ దగ్గర టైప్ చేసిన కాపీ ఏదైనా ఉంటే పంపగలరా, మేమెవరమైనా చదువుతాం అని. నా దగ్గర కాపీ ఉంది. తెలుగు లిపిలో. ఆ హాల్లో ఒక్కరికీ పనికిరాదు. కూర్చుని ఇంగ్లీషులోకి మార్చి పంపడానికి ఇరవై నిమిషాలు చాలు. కానీ జ్వరంతో పడుకున్న మనిషి ఇరవై నిమిషాల్లో అంత ఎలా టైప్ చేసిందని అనుకుంటారేమోనని, లేదని రాశాను. ఒక అబద్ధం నిలబెట్టడానికి ఇంకొకటి.

చిలకపచ్చ పట్టుచీర కట్టుకుని యాష్‌బర్న్ వెళ్ళాను. స్నేహితురాలికి మొదటి గాజులు తొడిగాను, బుగ్గలకి గంధం రాశాను. వాళ్ళత్తగారు నా రెండు చేతులకీ డజను మట్టిగాజులు వేయించింది. పులిహోర బాగుంది. మధ్యలో పదకొండున్నరకి ఒకసారి టైము చూసుకున్నాను. ఆ తర్వాత చూసుకోలేదు. బయల్దేరేటప్పుడు మాటల్లో, ఇవాళ నాకింకో పని కూడా ఉండింది అన్నాను. ఆ పిల్ల ఏమందంటే, "చెప్పకపోతివి అక్కా. గాజులు ఆఫ్టర్‌నూన్ అయినా తొడిగించుకునేదాన్ని. మనకేం తొందర?"

ఇంటికి వచ్చేసరికి మూడు. మా ఆయన మా పాపని ఈతకి తీసుకెళ్ళాడు. తాళం తీసి లోపలికి అడుగుపెట్టానో లేదో, వెనకే తలుపు చప్పుడైంది. తలుపు రంధ్రంలోంచి చూస్తే ఆవిడ. చేతిలో మూత పెట్టిన గిన్నె. లోపల లేనట్టు ఊరుకుందామనుకున్నాను. కానీ చేతిగాజులు గలగలమన్నాయి.

తలుపు తీశాను.

"సూప్ తెచ్చాను. జ్వరం ఎలా ఉంది?" అంది. మొహం నా భుజం వైపు తిప్పి, పక్క చూపుతో నన్ను పట్టుకోవడానికి ప్రయత్నిస్తోంది. "పచ్చగా ఏదో కనిపిస్తోంది. దుప్పటి కప్పుకున్నావా?"

"అవును ఆంటీ" అన్నాను. గొంతు బొంగురు చేసి అన్నాను. ఎవరూ నేర్పకుండానే ఆ బొంగురు వచ్చేసింది.

నిజం చెప్పడానికి అంతకంటే మంచి క్షణం ఎవరికీ దొరకదు. ఎదుటి మనిషికి కళ్ళు కనిపించవు. ఆ ఒక్క కారణం చూసుకుని, జరీ అంచు పట్టుచీరలో నిలబడి రోగిష్టిలా మూలిగాను. ఆవిడ చెయ్యి చాచి వెతుక్కుని నా నుదుటి మీద పెట్టింది. నుదురు చల్లగా ఉంది. "తగ్గిపోయింది, అమ్మయ్య" అంది. చెయ్యి తీసేటప్పుడు వేళ్ళకి కుంకుమ అంటింది. ఆవిడకి అది కనిపించలేదు. స్వెట్టరుకి తుడుచుకుంది. తెల్ల స్వెట్టరు.

లోపలికి వచ్చి కూర్చుంది. సభ గురించి చెప్పింది. పెద్దాయన ఉత్తరం పట్టుకుని లేచాడట. మొదటి రెండు పంక్తులు తడుముకుని, నావల్ల కావడంలేదు, మన్నించమని కూర్చున్నాడట. తర్వాత ఎవరో అతను దేశం కోసం ప్రాణమిచ్చాడని చెప్పారట. అందరూ లేచి ఒక నిమిషం మౌనంగా నిలబడ్డారట. "ఏం చేస్తాం, నీకు ఒంట్లో బాగాలేదుగా" అని నన్నే ఓదార్చింది. చేతిసంచిలోంచి ఉత్తరం తీసింది.

"గొంతు మరీ నొప్పిగా లేకపోతే, నాకొక్కదానికి చదువుతావా? పొద్దుటినుంచి వినాలని ఉంది."

చదివాను. గాజులు చప్పుడు కాకుండా ముంజేతులు ఒళ్ళో అదిమిపెట్టుకుని, దొంగ బొంగురుగొంతుతో చదివాను. కడుపెలా ఉందని అడిగాడు, అడక్కుండా ఉంటే బాగుండేది అన్న చోటికి వచ్చి, అదే పంక్తి రెండుసార్లు చదివాను. ఆ కుర్రాడు చావడానికి వారం ముందు నా మొహమ్మీదే రాసినట్టుంది ఆ మాట. నేను ఆగిపోయాను. ఆవిడ గొంతునొప్పి అనుకుంది. "మంచినీళ్ళు తాగు, తొందరేం లేదు" అంది. తాగి, మిగిలింది పూర్తి చేశాను. ఆవిడ సూప్ గిన్నె నా వైపు జరిపి, జ్వరంలో కూడా చదివిపెట్టావని బుగ్గ మీద ముద్దు పెట్టి వెళ్ళింది. ఆ సూప్ నేను తాగలేదు. పారబోయడానికీ చేతులు రాలేదు, రెండు రోజులు ఫ్రిజ్‌లోనే ఉంది.

ఏడాదిపాటు రోజూ చెప్పాలనుకున్నాను. అతను రెండు రోజులే ఆగాడు. నేను ఏడాది ఆగాను. మళ్ళీ ఏప్రిల్ వచ్చింది. ఈసారి నేనే అడిగాను, చదువుతానని. ఆవిడ ఎంత సంతోషపడిందో. నా కార్‌లోనే చర్చికి వెళ్ళాం. మైకు ముందు నన్ను నిలబెట్టి ఆవిడ అందరికీ చెప్పింది: పోయినేడాది ఈ అమ్మాయికి ఒళ్ళు కాలిపోతున్న జ్వరం, అయినా ఆ మధ్యాహ్నం కూర్చుని నా కోసం మొత్తం చదివింది, ఇలాంటి పొరుగువాళ్ళు దొరకడం నా అదృష్టం అని. నలభై మంది చప్పట్లు కొట్టారు. నేను తల వంచుకున్నాను. అది వినయమనుకున్నారు.

ఉత్తరం చదివాను. నా యాసని ఎవరూ పట్టించుకోలేదు. ముందు వరసలో ముసలాయన ఒకాయన, ఊలుసాక్సులు వద్దన్న దగ్గర నవ్వి, కళ్ళు తుడుచుకున్నాడు. దేనికి భయపడి అంత పని చేశానో అది నాలుగు నిమిషాల్లో అయిపోయింది.

తిరిగి వస్తూ కార్‌లో ఆవిడ మాట్లాడుతూనే ఉంది. వాడు వినుంటే ఎంత సంతోషించేవాడో అంది. నువ్వు అచ్చం వాడిలాంటిదానివి అంది. ఆ మాట నేను భరించలేకపోయాను.

"ఆంటీ, పోయినేడాది నాకు జ్వరం లేదు" అన్నాను. మొత్తం చెప్పేశాను. గాజులు, పట్టుచీర, దుప్పటి అన్న మాట, గొంతు మార్చడం, ఏదీ దాచలేదు. సిగ్నల్ దగ్గర ఆగాం. పచ్చలైటు పడినా నేను కదల్లేదు, వెనకవాళ్ళు హారన్ కొట్టారు.

ఆవిడ ఉత్తరమున్న చేతిసంచిని ఒళ్ళోకి లాక్కుంది. తర్వాత అంది, "అయితే ఇందాక నేను వాళ్ళందరికీ అబద్ధం చెప్పానన్నమాట."

"మీకు తెలియదుగా."

"వాడి ఉత్తరం చదివేముందు, వాడి సభలో చెప్పాను. బండి వెనక్కి తిప్పు."

తిప్పాను. మేం వెళ్ళేసరికి అందరూ వెళ్ళిపోయారు. సభ నడిపే పెద్దాయన ఒక్కడే కుర్చీలు మడత పెడుతున్నాడు. ఆవిడ నన్ను చెప్పమంది. చెప్పాను. ఆయన ఇబ్బందిగా విని, "పోనీలెండి, చివరికి చదివారుగా" అని ఇంకో కుర్చీ అందుకున్నాడు.

"మా అన్న పోనీలే అనుకోలేదు" అంది ఆవిడ. గట్టిగా కూడా అనలేదు. నా మోచెయ్యి పట్టుకునే కారు దాకా నడిచింది. దిగేటప్పుడు థాంక్స్ కూడా చెప్పింది.

ఆవిడ నాతో మాట్లాడటం మానలేదు. దోసెలు ఇస్తే తీసుకుంటుంది, గిన్నె కడిగి తెచ్చిస్తుంది, మా పాప చదువు గురించి అడుగుతుంది. ఆదివారం మధ్యాహ్నాలు మాత్రం రావడంలేదు. ఈ ఏప్రిల్‌లో నేను మెట్ల మీద ఆపి, శనివారం మీతో వస్తాను, చదువుతాను అన్నాను. "వద్దులే, శనివారాలు నీకు పనులుంటాయి" అంది. ఎత్తిపొడుపు కాదు. మర్యాదగానే అంది. ఆ రోజు ఆవిడ ఒక్కతే టాక్సీ ఎక్కి వెళ్ళింది. నేను రోజంతా ఇంట్లోనే ఉన్నాను, ఏ పనీ పెట్టుకోలేదు.

అక్కడ ఎవరు ఏం చదివారో నేను అడగలేదు. అడగడానికి మొహం లేదు. పెద్దాయనతో అయినా మాట్లాడదామని నెంబరు తీసి, మళ్ళీ పెట్టేశాను. ఆవిడ చూపు ఇప్పుడు అంచుల్లో కూడా తగ్గింది. ఉత్తరాలు పైన ఆవిడ దగ్గరే ఉన్నాయి, ఆవిడకి ఒక్క అక్షరం కనిపించదు. వాటిని చదవగలిగిన మనిషిని ఒక్క అంతస్తు కింద ఉన్నాను. నన్ను పిలవదు.